మొహం జిడ్డుగానే ఉంది, మరి బిగుసుకుపోతోంది ఎందుకు?

 

ఈరోజు నేరుగా ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పొద్దున ఫేస్‌వాష్‌తో మొహం కడుక్కున్నారు. పది నిమిషాలయ్యేసరికి బుగ్గలు లాగుతున్నట్టు బిగుసుకుపోయాయి. మధ్యాహ్నం లంచ్ టైముకి చూస్తే అదే మొహంలో ముక్కు, నుదురు జిడ్డు కారుతున్నాయి. టిష్యూతో అద్దితే నూనె అంటుతోంది. ఇప్పుడు చెప్పండి, మీది ఆయిలీ స్కినా, డ్రై స్కినా?

చాలామంది జిడ్డు కనిపిస్తోంది కదా అని ఆయిలీ అని ఫిక్స్ అయిపోతారు. ఆయిల్ కంట్రోల్ ఫేస్‌వాష్ కొంటారు. రోజుకి నాలుగుసార్లు కడుగుతారు. బిగుతు పెరుగుతుంది, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, ఏం రాసినా మంట పుడుతుంది. అప్పుడు రీల్స్‌లో ఎవరో చెప్పిన సీరం ఒకటి వస్తుంది. దాని తర్వాత ఇంకోటి. జేబు ఖాళీ అవుతుంది గానీ మొహం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ వీడియోలో ఒక్క విషయం క్లియర్ చేసుకుందాం. చర్మంలో నూనె తక్కువవడం వేరు, నీళ్లు తక్కువవడం వేరు. మొదటిది డ్రై స్కిన్, అంటే పొడి చర్మం. రెండోది డీహైడ్రేటెడ్ స్కిన్. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం డబ్బులు వేస్ట్ అవుతున్నాయి.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇలా మైక్ ముందు కూర్చున్నవాణ్ణి. రోగం ఏంటో చెప్పడం, మందు రాయడం నా పని కాదు. చర్మం ఎలా పనిచేస్తుందో అర్థమైతే షాపులో మనల్ని ఎవరూ మోసం చేయలేరు, అంతవరకే నా ప్రయత్నం. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో చివర్లో చెప్తా. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే మాత్రం ఆ చివరి భాగం దయచేసి స్కిప్ చేయకండి.

సరే, లోపల ఏముందో చూద్దాం.

మన చర్మంలో అన్నిటికంటే పైన ఉండే పొరని స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు, పైపొర అనుకుందాం. చచ్చిపోయిన కణాలు ఒకదానిమీద ఒకటి సుమారు 15 నుంచి 20 వరసలు పేర్చి ఉంటాయి. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే దాని మందం 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు. అంటే మామూలు జెరాక్స్ కాగితం మందంలో ఐదో వంతు కూడా మించదు. ఒంట్లో నీళ్లు గాల్లోకి ఆవిరైపోకుండా ఆపుతున్నది ఆ పల్చటి పొరే.

పీటర్ ఎలియాస్ అని ఒక అమెరికన్ డెర్మటాలజిస్ట్ ఈ పొరని ఇటుకల గోడతో పోల్చారు. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సందుల్ని నింపే కొవ్వు పదార్థాలు సిమెంటు. ఆ సిమెంటులో సెరమైడ్‌లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్‌లు ఉంటాయి. క్రీముల ప్రకటనల్లో సెరమైడ్ సెరమైడ్ అని ఊదరగొట్టేది దీని గురించే.

ఇటుకల లోపల కూడా ఒక సరుకు ఉంది. అమైనో ఆమ్లాలు, లాక్టిక్ ఆమ్లం, యూరియా లాంటివి. వీటికి నీళ్లంటే ప్రాణం, పట్టుకుంటే వదలవు. అందుకే ఇటుక మెత్తగా, ఉబ్బి ఉంటుంది. ఈ సరుకు కొట్టుకుపోతే ఇటుక ఎండి, బిరుసెక్కి, అంచులు లేచిపోతుంది. చలికాలం చేతి మీద గోరుతో గీస్తే తెల్ల గీత పడుతుంది చూడండి, చిన్నప్పుడు క్లాసులో పేర్లు కూడా రాసుకునేవాళ్లం. అది లేచిపోయిన ఇటుకల పొట్టే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మొహం మీద కనిపించే జిడ్డు ఈ సిమెంటు కాదు. ఆ జిడ్డు పేరు సీబం. అది వెంట్రుకల కుదుళ్ల దగ్గరుండే నూనె గ్రంథుల నుంచి బయటికొచ్చి పైన పరుచుకుంటుంది. సిమెంటు మాత్రం గోడ లోపల, ఇటుకల మధ్య ఉంటుంది. రెండూ వేర్వేరు ఫ్యాక్టరీల సరుకు. గోడకి పైన రంగు దట్టంగా వేసినంత మాత్రాన లోపల సందులు పూడవు కదా. అందుకే పైన నూనె పుష్కలంగా ఉండి కూడా లోపల నీళ్లు కారిపోవచ్చు. జిడ్డు మొహం బిగుసుకుపోవడం వెనక కథ ఇదే.

1952లో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త ఒక సింపుల్ ప్రయోగం చేశారు. గట్టిపడిన చర్మం ముక్క తీసుకుని బాగా ఎండబెట్టారు. అది అప్పడంలా పెళుసైపోయింది. దాన్ని నూనెల్లో నానబెట్టి చూశారు. మెత్తబడలేదు. నీళ్లు తగిలించారు, మెత్తబడింది. అంటే చర్మం పైపొరని మెత్తగా ఉంచేది నీళ్లు. నూనె పని ఆ నీళ్లు పోకుండా మూత పెట్టడం. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేవన్నీ దీని మీదే నడుస్తాయి.

ఇప్పుడు మీది ఏదో ఎలా తెలుసుకోవాలి?

డ్రై స్కిన్ అనేది ఒక రకం. చాలామందికి చిన్నప్పటి నుంచే ఉంటుంది, అమ్మకో నాన్నకో కూడా ఉంటుంది. నూనె తక్కువ తయారవుతుంది, సిమెంటు కూడా పల్చన. మొహమే కాదు, ముంజేతులు, మోకాలి కింద పిక్కల ముందు భాగం, మడమలు, అన్నీ పొడిగానే ఉంటాయి. మొహం మీద జిడ్డు అన్న మాటే ఉండదు. వయసు పెరిగేకొద్దీ పొడితనం కూడా పెరుగుతుంది.

డీహైడ్రేటెడ్ అనేది రకం కాదు, పరిస్థితి. ఎవరికైనా వస్తుంది, పోతుంది. ఆయిలీ వాళ్లకీ వస్తుంది. పోయిన నెల బాగున్న మొహం ఈ నెల డల్‌గా, నవ్వితే కళ్ల పక్కన సన్నటి గీతలతో, ఏది రాసినా చురుక్కుమనేలా తయారైందంటే అనుమానించాల్సింది దీన్నే.

ఇంట్లో చేసుకునే ఒక అంచనా చెప్తా. మైల్డ్ క్లెన్సర్‌తో మొహం కడిగి, మెత్తటి టవల్‌తో అద్దుకుని, ఏమీ రాయకుండా ఒక గంట ఉండండి. మొహమంతా ఒకేలా పొడిగా, గరుగ్గా ఉంటే డ్రై వైపు. నుదురు, ముక్కు మెరుస్తూనే బుగ్గలు బిగుసుకుంటే నూనె ఉంది, నీళ్లు లేవు. రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా ఉంటారు. ఇది ల్యాబ్ టెస్ట్ కాదండీ, ఒక దారి చూపించే గుర్తు, అంతే.

సరే, మరి నీళ్లు ఎటు పోతున్నాయి?

సాఫ్ట్‌వేర్‌లో మాకు మెమరీ లీక్ అని ఒక తలనొప్పి ఉంటుంది. ప్రోగ్రామ్ కూర్చున్నచోటే మెమరీ తినేస్తూ ఉంటుంది. సర్వర్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ తగిలిస్తే రెండ్రోజులు బాగుంటుంది, మూడోరోజు మళ్లీ మొదటికొస్తుంది. లీక్ పట్టుకోకుండా ర్యామ్ కొనడం ఎలాంటిదో, చిల్లు కట్టకుండా సీరం కొనడం అలాంటిది. మన ఇళ్లలో ఉండే చిల్లులు ఐదు చెప్తా.

మొదటిది సబ్బు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5 అటూఇటూగా. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. సబ్బుకి జిడ్డూ సిమెంటూ తేడా తెలియదు, రెండిటినీ పట్టుకుపోతుంది. సబ్బు రేపర్ మీద టీఎఫ్ఎం అని ఉంటుంది. మన దేశంలో అది 76 శాతం ఉంటే గ్రేడ్ 1. మంచిదే, సబ్బులో పిండి, ఇతర సరుకులు తక్కువ ఉన్నాయని అర్థం. కానీ గ్రేడ్ 1 అయినా సబ్బు సబ్బే, క్షారమే. చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టేచోట వాడండి. ఎండిపోయిన చేతులకి, కాళ్లకి రోజూ రుద్ది రుద్ది నురగ తేవాల్సిన పనిలేదు. మొహానికి సోప్ ఫ్రీ క్లెన్సర్, రోజుకి రెండుసార్లు చాలు.

రెండోది నీళ్లు. హాస్టల్లో, పీజీలో గీజర్ దొరికిన రోజు పండగే, తెలుసు. పొగలు కక్కే నీళ్లతో అరగంట నిలబడితే హాయిగానే ఉంటుంది. ఆ వేడికి సిమెంటులో కొవ్వు కరిగి పోతుంది. గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాల లోపు, అంతే. ఇంకోటి, బోరు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. బకెట్ అంచున గార కడుతుంది చూశారా, దాంట్లో ఇది కూడా ఉంటుంది. బకెట్‌కి అంటుకున్నది మీ ఒంటికి అంటుకోదా? నీళ్లు మార్చలేం, ఓకే. సబ్బు తగ్గించగలం, బాగా కడిగేసుకోగలం.

మూడోది గాలి. ఆఫీసులో ఏసీ పైపు నుంచి బయటికి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంటాయి కదా. ఆ నీళ్లు ఎక్కడివి? గదిలో గాలిలో ఉన్న తేమే. ఏసీ ఆ తేమని పిండి బయట పోస్తోంది. అలా పొడిబారిన గాలి తొమ్మిది గంటలు నేరుగా మొహం మీదికి కొడితే ఏమవుతుందో ఆలోచించండి. కనీసం ఏసీ గాలి మొహానికి తగలకుండా సీటు జరుపుకోండి.

షికాగోలోనో డిట్రాయిట్‌లోనో ఎంఎస్ చేస్తున్న మనవాళ్లకి ఇది ఇంకా పెద్ద దెబ్బ. మొదటి జనవరికే చేతివేళ్లు చిట్లిపోతాయి. చిన్న లెక్క చూడండి. 0 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగే నీటి ఆవిరి సుమారు 5 గ్రాములు. 22 డిగ్రీల దగ్గర సుమారు 19 గ్రాములు. బయటి గాలి నిండా తేమతో ఉన్నా సరే, దాన్ని లోపలికి తెచ్చి హీటర్‌తో 22 డిగ్రీలకి వేడి చేస్తే, ఆ 5 గ్రాములే మిగులుతాయి. 19కి 5 అంటే తేమ 25 శాతం చుట్టూ. వానాకాలం వైజాగ్‌లో తేమ 80 దాటడం మామూలే. అక్కడ పుట్టి పెరిగిన చర్మం 25లోకి వెళ్తే కంగారు పడదా మరి? గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టుకోగలిగితే మంచిది. మన దగ్గర కూడా డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రిపూట 10 డిగ్రీల లోపుకి పడిపోతుంది కదా. ఆ చలిగాలికి పెదాలు, మడమలు ముందు పగులుతాయి.

నాలుగోది మనం చేతులారా వేసే చిల్లు. విటమిన్ సి పొద్దున, శాలిసిలిక్ మధ్యాహ్నం, గ్లైకాలిక్ సాయంత్రం, రెటినాల్ రాత్రి, ఆదివారం స్క్రబ్. ఒక్కోటి విడిగా పనికొచ్చేదే అవ్వచ్చు, అన్నీ కలిస్తే ఆ 0.02 మిల్లీమీటర్ల గోడ ఏం మిగులుతుంది? చర్మం మండుతుంటే, పొట్టు లేస్తుంటే ముందు వీటన్నిటికీ మూడు, నాలుగు వారాలు సెలవు ఇవ్వండి. డాక్టర్ రాసినవైతే మాత్రం ఆయన్ని అడిగి ఆపండి.

ఐదోది వంటింటి ప్రయోగాలు. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉంటుంది, ఘాటైన ఆమ్లం. రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు కూడా పడొచ్చు. వంటసోడా దానికి రివర్సు, క్షారం. న్యాచురల్ అన్న మాట విని మొహం అప్పగించకండి. మిరపకాయ కూడా న్యాచురలే. సున్నిపిండి సంగతి వేరు, సబ్బంత క్షారం కాదు. పెసరపిండో శనగపిండో మెత్తగా జల్లించి, తడిచేసి, నెమ్మదిగా రాసి కడిగేస్తే ఫర్వాలేదు. పగిలిన చర్మం మీద బరబరా రుద్దితే మాత్రం స్క్రబ్‌కి దానికి తేడా లేదు.

మరి రోజుకి నాలుగు లీటర్లు నీళ్లు తాగితే చర్మం మెరిసిపోతుందంటారు కదా? ఒంటికి నీళ్లు కావాలి, దాహం వేస్తే తాగాలి, ఎండాకాలం ఎక్కువ తాగాలి, అందులో డౌట్ లేదు. కానీ సరిపడా తాగేవాళ్లు ఇంకో రెండు లీటర్లు తాగినంత మాత్రాన అది మొహానికి రాదు, ఎక్కువగా బాత్రూమ్‌కే పోతుంది. లోపల్నుంచి పైపొరకి నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ పొర పట్టి ఉంచలేకపోతోంది, సమస్య అక్కడ.

ఇప్పుడు పరిష్కారం. మార్కెట్లో వెయ్యి క్రీములుండొచ్చు. వాటిలో పనిచేసే సరుకు మూడు రకాలే.

ఒకటి, నీళ్లు పట్టుకునేవి. గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్, యూరియా. యూరియా అంటే పొలంలో చల్లేదే కదా అని నవ్వకండి, పదార్థం అదే. మన చర్మం ఇటుకల్లో కూడా అదే ఉంది. అలా అని ఎరువు బస్తా విప్పకండి, చర్మానికి వాడేది శుద్ధి చేసి క్రీములో కలిపినదే ఉండాలి.

రెండు, సందులు పూడ్చి మెత్తబరిచేవి. సెరమైడ్‌లు, కొన్ని నూనెలు, బటర్‌లు.

మూడు, మూత పెట్టేవి. పెట్రోలియం జెల్లీ, మైనం లాంటివి. రాబర్ట్ చెస్‌బ్రో 1872లో పేటెంట్ తీసుకున్న వాజిలీన్ ఇదే. నూట యాభై ఏళ్లయినా నీళ్లు ఆవిరి కాకుండా ఆపడంలో దానికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

డీహైడ్రేటెడ్ ప్లస్ ఆయిలీ అయితే మొదటి రకం ఎక్కువ, పైన తేలికపాటి మూత. అంటే గ్లిజరిన్ ఉన్న జెల్ క్రీమో, పల్చటి లోషనో. మొహానికి జిడ్డు నూనెలు అక్కర్లేదు, మొటిమలు వచ్చేవాళ్లు కొబ్బరినూనె మొహానికి దూరం పెట్టడం మంచిది. డ్రై స్కిన్ అయితే మూడూ కావాలి, చిక్కటి క్రీమ్ కావాలి, రాత్రిపూట అవసరమైన చోట పైన జెల్లీ కూడా. ఒట్టి హైలురానిక్ సీరం రాసి ఏసీలో కూర్చుంటే లాభం లేదు. నీళ్లు పట్టుకునేది రాశాక మూత పెట్టాలి. లేకపోతే అన్నం వండి మూత తీసి ఫ్యాన్ కింద పెట్టినట్టే.

రాసే టైమ్ కూడా ముఖ్యం. స్నానం చేశాక టవల్‌తో రుద్దకుండా అద్దుకోండి. ఒళ్లు ఇంకా కొంచెం తడిగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో రాసేయండి. బ్లాంక్ ప్రయోగం గుర్తుందా? మెత్తబరిచేది నీళ్లు, నూనె మూత. తడి ఉన్నప్పుడు మూత పెడితే నీళ్లు లోపల ఉంటాయి. ఎండిపోయాక మూత పెడితే ఖాళీ గిన్నెకి మూత పెట్టినట్టు.

మన ఇళ్లలో నూనె అలవాటు ఎప్పటి నుంచో ఉంది. పండక్కి ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి, నలుగు పెట్టి, తలంటు పోస్తారు. దాన్ని మానమని నేను చెప్పను, అమ్మమ్మతో గొడవ పెట్టుకునే ధైర్యం నాకు లేదు. కానీ ఆ నూనెని తర్వాత సున్నిపిండో సబ్బో పెట్టి కడిగేస్తున్నాం. రోజువారీ పొడిబారడానికి మందు కావాలంటే అదే నూనెని స్నానం తర్వాత తడి ఒంటికి పల్చగా రాసి చూడండి. చేతులకి, కాళ్లకి కొబ్బరినూనె బాగానే పనిచేస్తుంది. ఇంకో మాట, స్నానం అవ్వగానే టాల్కమ్ పౌడర్ కొట్టుకునే అలవాటు పొడి చర్మం వాళ్లు మానేస్తే మంచిది. ఉన్న కాస్త జిడ్డూ తేమా అది పీల్చేస్తుంది.

ఎంత రాయాలి? ఇక్కడ చాలామందికి షాక్ తగులుతుంది. ఆయింట్‌మెంట్లకి డాక్టర్లు వాడే ఒక కొలత ఉంది. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి క్రీమ్ పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఆ లెక్కన పెద్దవాళ్లకి ఒక చెయ్యికి 3, హస్తానికి 1, ఒక కాలుకి 6, పాదానికి 2. రెండు చేతులు, రెండు కాళ్లు కలిపితే 24 వేలికొసలు. అంటే 12 గ్రాములు, ఒక్కసారికి! 100 గ్రాముల క్రీము రోజుకొక్కసారి రాస్తే ఎనిమిది రోజుల్లో అయిపోవాలి. లోషన్ ఇంకాస్త పల్చగా పరుచుకుంటుంది, ఒప్పుకుంటా. అయినా సరే, 100 ఎంఎల్ సీసా దీపావళికి కొంటే శివరాత్రి దాకా వచ్చిందంటే సరిగ్గా రాయట్లేదనే అర్థం.

అందుకే ఖరీదైనది కొని పిసినారిగా రాయడం కంటే చవకైనది కొని ధారాళంగా రాయడం మేలు. వాసన లేనిది, గ్లిజరిన్ మొదట్లోనే ఉన్నది చూడండి. లేబుల్ మీద ఎక్కువ ఉన్న పదార్థం ముందు, తక్కువ ఉన్నది తర్వాత వస్తుంది. డబ్బా ముందు సెరమైడ్ అని పెద్ద అక్షరాలుండి, వెనక లిస్టులో అది సువాసన తర్వాత ఎక్కడో చివర ఉంటే, మీరు ఎక్కువగా సువాసనకే డబ్బు కడుతున్నారు. పొద్దున బయటికెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, ఎండ కూడా ఈ గోడని దెబ్బతీస్తుంది.

మగపిల్లలూ, మీకు కూడా చెప్తున్నా. షేవింగ్ అంటే ఆ పైపొర మీద బ్లేడు నడపడమే. అయ్యాక మండించే ఆఫ్టర్‌షేవ్ కంటే ఒక ముద్ద మాయిశ్చరైజర్ మంచి స్నేహితుడు.

ఇప్పుడు సీరియస్ విషయం. మెడికల్ షాపుకెళ్లి, అన్నా, దురదగా ఉంది, ఏదైనా క్రీమ్ ఇవ్వు అని అడగడం మనకి అలవాటు. వచ్చే ట్యూబు వెనక చదవండి. బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. రాయగానే దురద, ఎరుపు మాయం, మొహం తెల్లగా కూడా కనిపిస్తుంది. అందుకే ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాసేవాళ్లున్నారు. కొన్నాళ్లకి చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఆపితే మొహం భగ్గుమంటుంది, దాంతో మళ్లీ రాస్తారు. తామర మీద రాస్తే పైకి తగ్గినట్టు ఉండి లోపల పాకుతుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. స్టెరాయిడ్ మందుగా చెడ్డదని కాదు, ఎగ్జిమాకి డాక్టర్లే రాస్తారు. ఎంత, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది వాళ్లు చెప్పాలి. ఇప్పటికే నెలల నుంచి వాడుతుంటే ఈ వీడియో చూసి రేపే ఆపేయకండి, స్కిన్ డాక్టర్‌ని కలిసి ఎలా మానాలో అడగండి.

డాక్టర్ దగ్గరికి ఇంకా ఎప్పుడు వెళ్లాలి? రాత్రి నిద్ర పట్టనంత దురద ఉంటే. పగుళ్ల నుంచి రసి, చీము, రక్తం వస్తుంటే. గుండ్రంగా, అంచు ఎర్రగా పాకుతున్న మచ్చ ఉంటే, అది పొడితనం కాదు, తామర అవ్వొచ్చు. ఉన్నట్టుండి ఒళ్లంతా పొడిబారి, బరువు పెరిగి, ఎప్పుడూ నీరసం, చలి అనిపిస్తే థైరాయిడ్ చూపించుకోవాలి. చిన్నపిల్లల బుగ్గల మీద పాలిపోయిన పొడి మచ్చలు వస్తే కాల్షియం తక్కువ, కడుపులో పురుగులు అని మనవాళ్లు అనేస్తారు. చాలాసార్లు అది పిటిరియాసిస్ ఆల్బా అనే తేలికపాటి ఎగ్జిమా రకం. చూపించి, మాయిశ్చరైజర్ రాస్తే నెమ్మదిగా సర్దుకుంటుంది.

ఇక నేను మొదట్లో స్కిప్ చేయొద్దన్న మాట. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు.

షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. చెమట పట్టించే నరాలు దెబ్బతింటే పాదాలకి చెమట రాదు, అరికాళ్లు ఎండి మడమలు పగులుతాయి. నొప్పి తెలిపే నరాలు దెబ్బతింటే ఆ పగులు లోతుగా చీలినా నొప్పి తెలియదు. క్రిములకి తెరిచిన తలుపు, కాపలావాడు నిద్రలో. అక్కడి నుంచి పుండు, పుండు ముదిరితే వేలు, పాదం తీసేసేదాకా వెళ్తున్న కేసులున్నాయి. మనకి అందం సమస్య అనిపించే పగుళ్లు వాళ్లకి కాలి సమస్య.

అందుకే ఇంటికెళ్లినప్పుడు అమ్మ పాదాలు, నాన్న పాదాలు ఒకసారి చూడండి. వాళ్లు వంగి అరికాలు చూసుకోలేరు. ఫోన్ టార్చ్ వేసి మీరే చూడండి. పగుళ్లు, పుళ్లు, రంగు మార్పు ఏమున్నా డాక్టర్‌కి చూపించండి. చర్మం పొడిగా మాత్రమే ఉంటే రాత్రి పడుకునే ముందు మడమలకి, అరికాళ్లకి క్రీమ్ రాయండి. మందంగా గట్టిపడ్డ మడమలకి యూరియా కలిపిన క్రీమ్ బాగా పనిచేస్తుంది, ఎంత శాతం వాడాలో డాక్టర్‌ని అడిగి తీసుకోండి. కాలివేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. బ్లేడుతో మడమలు గీకడం వద్దే వద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనండి. అవసరం లేదురా అంటారు. మీరు రాయండి, అంతే.

మొత్తం ఒక్కసారి తిరగేద్దాం. బిగుతు ఉంటే నూనె కంటే ముందు నీళ్ల గురించి ఆలోచించండి. చిల్లులు కట్టండి: సబ్బు తగ్గించడం, గోరువెచ్చటి నీళ్లు, యాసిడ్‌లకి సెలవు. తడి ఒంటికే క్రీమ్, ధారాళంగా. నాలుగు వారాలు ఆగండి, పైపొర మొత్తం మారి కొత్తది రావడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడో రోజుకే రిజల్ట్ రాలేదని ఇంకో డబ్బా ఆర్డర్ పెట్టకండి.

ఈ వీడియో షేర్ చేస్తే సంతోషం. అంతకంటే ముందు ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు చూడటం మర్చిపోవద్దు. దూరంగా ఉంటే వీడియో కాల్ చేసి, మొహం కాదు, ఒకసారి కాళ్లు చూపించమని అడగండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.